రాత్రంతా లెన్సు, తెల్లారి ఎర్రకన్ను: ఎందుకు? ఎలా?

నల్లగొండ పక్కనున్న పానగల్‌లో ఒక తల్లి ఇలా అడిగిందనుకుందాం: “మా బిడ్డ హైదరాబాద్‌ల రాత్రి డ్యూటీ చేస్తది. శనివారం పొద్దుగాల బస్సు దిగి ఇంటికొచ్చి, కండ్లల్ల లెన్సులు తియ్యకుండనే పండుకుంటది. లేచేసరికి రెండు కండ్లు ఎర్రగుంటయి. లెన్సులు తీసినంక మాపటికల్లా తగ్గిపోతది. ‘ఏం కాదమ్మా’ అంటది. మొన్నొక రాత్రి మాత్రం మూడు గొట్టంగ నొప్పితోని లేసింది. ఒక్క కన్నే ఎర్రగైంది. లైటేస్తే చూడలేకపాయె, నీళ్లు ఒకటే కారినయి. రెండూ ఒకటేనా, వేరువేరా?”

వేరువేరేనమ్మా. మొదటి ఎరుపు కంటికి గాలి చాలక వచ్చింది. రెండోది లెన్సు మీద చేరిన సూక్ష్మజీవుల మూలంగా వచ్చి ఉంటుంది. మూడో రకం కూడా ఉంది. ఆ సూక్ష్మజీవులు నల్లగుడ్డు మీది పొరలోకి దిగి పుండు చేస్తాయి. పైకి చూస్తే మూడూ ఎరుపే. మొదటిదానికి అలవాటు పడ్డవాళ్లు మిగతా రెండూ వచ్చినా ‘ఎప్పుడూ ఉండేదే కదా’ అని మళ్లీ ముసుగు తన్ని పడుకుంటారు. నన్ను భయపెట్టేది అదే. అందుకని కొంచెం ఓపిగ్గా, మొదటినుంచి చెప్పుకుందాం.

కన్ను ఎర్రబడటం అంటే అసలు ఏమిటి?

తెల్లగుడ్డు మీద పల్చని పొర ఒకటి ఉంటుంది. అందులో సన్నని రక్తనాళాలు మామూలప్పుడు కూడా ఉంటాయి. ముడుచుకుని ఉంటాయి కాబట్టి పెద్దగా కనిపించవు. దుమ్ము పడినా, నిద్ర చాలకపోయినా, మిరపకాయలు తుంచిన చెయ్యి తగిలినా అవి విచ్చుకుంటాయి. రక్తం ఎక్కువగా పారుతుంది, కన్ను ఎర్రబడుతుంది. కన్ను సాయం కోరుతోందని ఎరుపు చెబుతుంది. ఎందుకు కోరుతోందో మాత్రం చెప్పదు.

నల్లగుడ్డు సంగతి వేరు. దాని ముందు పారదర్శకమైన పొర ఉంటుంది. కార్నియా అంటారు. నడిమధ్యలో దాని మందం అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. వెలుతురు కంట్లోకి పోయే దారి అదే కనుక అందులో రక్తనాళాలు ఉండవు, ఉంటే చూపుకు అడ్డం. రక్తం పారని చోటికి ప్రాణవాయువు ఎలా చేరుతుంది? నేరుగా గాలిలోంచే. గాలిలోని ఆక్సిజన్ కన్నీటి పొరలో కరిగి కార్నియాలోకి దిగుతుంది. కన్ను తెరిచి ఉన్నంతసేపూ కార్నియా తనకు కావలసిన ఆక్సిజన్‌లో చాలాభాగాన్ని ఊపిరితిత్తులతో పని లేకుండా తానే తీసుకుంటుంది.

రెప్ప మూస్తే మరి?

గాలిలో ఆక్సిజన్ 21 శాతం. రెప్ప పడగానే ఆ దారి మూతపడుతుంది. అప్పటినుంచి రెప్ప లోపలివైపు రక్తనాళాల నుంచి ఊరే ఆక్సిజనే దిక్కు. లెక్కగడితే అది సుమారు 8 శాతం ఆక్సిజన్ ఉన్న గాలితో సమానం. అందుకే లెన్సు ముఖమే ఎరగనివాళ్ల కార్నియా కూడా తెల్లారేసరికి మూడు నాలుగు శాతం ఉబ్బి ఉంటుంది. లేచి కళ్లు తెరిచాక కాసేపట్లో ఆ ఉబ్బు దిగిపోతుంది. మనకు తెలియను కూడా తెలియదు. అంటే నిద్ర కార్నియాకు మామూలుగానే ఇరుకు సమయం.

ఆ ఇరుకులోకి లెన్సును కూడా తెచ్చి పెడితే, తలుపులు మూసిన గదిలో ముఖం మీద తడిగుడ్డ కప్పుకుని పడుకున్నట్టవుతుంది. వస్తున్న కాస్త ఆక్సిజన్‌నూ లెన్సు అడ్డుకుంటుంది. ఆక్సిజన్ చాలనప్పుడు కార్నియా కణాలు చక్కెరను సగంలోనే కాల్చి లాక్టిక్ ఆమ్లాన్ని మిగులుస్తాయి. పరుగెత్తినవాడి పిక్కల్లో తయారయ్యేది కూడా అదే. ఆ ఆమ్లం కార్నియాలో పేరుకుని నీటిని లాగుతుంది. వెనకవైపు కణాలు ఆ నీటిని ఎప్పటికప్పుడు తోడి బయటికి పోస్తూనే ఉంటాయి, రాత్రి వాటి శక్తి చాలదు. పాతరకం మెత్తని లెన్సులు పెట్టుకుని పడుకున్నవారి కార్నియా 10 నుంచి 15 శాతం దాకా ఉబ్బేది. పొద్దున లేవగానే చూపు మసకగా ఉండటం, బల్బు చుట్టూ రంగుల వలయాలు కనిపించడం ఈ ఉబ్బు వల్లనే.

కార్నియాకు ఊపిరి ఆడటం లేదని అంచున ఉన్న రక్తనాళాలకు తెలుస్తుంది. నల్లగుడ్డూ తెల్లగుడ్డూ కలిసే చోట చుట్టూ అవి విచ్చుకుంటాయి. మీ బిడ్డకు శనివారం కనిపించే ఎరుపు ఇది. జాగ్రత్తగా చూస్తే నల్లగుడ్డు చుట్టూ వలయంలా ఉంటుంది, రెండు కళ్లలోనూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది, నొప్పి ఉండదు, లెన్సు తీశాక కొన్ని గంటల్లో తగ్గుతుంది. ఏళ్ల తరబడి ఇదే సాగితే ఆ నాళాలు అంచు దాటి, ఉండకూడని చోటికి, కార్నియాలోకి పాకుతాయి. ఒకసారి పాకిన నాళం రక్తం లేక ఖాళీ అయినా దాని గీత అక్కడే మిగిలిపోతుంది. కాబట్టి నొప్పి లేని ఎరుపును కూడా ‘ఏం కాదు’ అని కొట్టిపారేయలేం.

గాలి బాగా ఆడే లెన్సు తయారు చేయలేరా?

చేశారు. ఈ కథ తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది.

మెత్తని లెన్సుకు ఆద్యుడు చెకోస్లొవేకియా రసాయన శాస్త్రవేత్త ఒట్టో విఖ్టెర్లె. 1961 చివర్లో తన ఇంట్లో, పిల్లల ఆటబొమ్మల సెట్టు ముక్కలతో యంత్రం కూర్చి, నీరు పీల్చుకునే జెల్‌తో మొదటి లెన్సులు తీశాడు. 1971లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి రాగానే అవి ప్రపంచమంతా పాకాయి. ఆ జెల్‌లో ఆక్సిజన్ నీటి ద్వారానే ప్రయాణించాలి. పగటికి అది చాలేది. 1981లో ఎఫ్‌డీఏ కొన్ని లెన్సులను తీయకుండా 30 రోజుల దాకా వాడవచ్చని కూడా అనుమతించింది. నెలకొకసారి తీస్తే చాలు, రాత్రి లేచినా గోడమీది గడియారం స్పష్టంగా కనిపిస్తుంది. ఎవరికి ఆశ పుట్టదు?

ఆస్ట్రేలియా శాస్త్రవేత్త బ్రియన్ హోల్డెన్ అప్పుడొక ప్రశ్న వేసుకున్నాడు: మూసిన కంట్లో లెన్సు ఉన్నా కార్నియా మామూలు నిద్రలో ఉబ్బినంతే ఉబ్బాలంటే ఆ లెన్సులోంచి ఎంత ఆక్సిజన్ పోవాలి? 1984లో జార్జ్ మెర్ట్జ్‌తో కలిసి జవాబు ప్రకటించాడు. ఆక్సిజన్‌ను పోనిచ్చే శక్తిని కొలిచే ప్రమాణంలో పగటి వాడకానికి 24 చాలు, రాత్రికి 87 కావాలి. అప్పటి లెన్సులు చాలావరకు రాత్రి గీతకు సగం కూడా అందేవి కావు. ఆ 87 అనే అంకె తయారీ కంపెనీలకు గురి అయింది. 1990ల చివర్లో సిలికాన్ కలిపిన జెల్ లెన్సులు వచ్చాయి. సిలికాన్‌లోంచి ఆక్సిజన్ నీటిలోకన్నా చాలా సులువుగా సాగిపోతుంది. కొన్ని లెన్సులు 87ను దాటి 150కి పైగా వెళ్లాయి. 2001లో ఎఫ్‌డీఏ మధ్యలో తగ్గించిన 30 రాత్రుల అనుమతిని వీటిలో కొన్నింటికి మళ్లీ ఇచ్చింది.

నిజంగానే మొదటి ఎరుపు చాలావరకు పోయింది. నల్లగుడ్డు చుట్టూ ఉండే వలయం పల్చబడింది. పాకిన నాళాలు ఖాళీ అవడం మొదలైంది. ఆ పని గొప్పది, దాన్ని తక్కువ చేయను. దుకాణాల్లో ‘ఊపిరాడే లెన్సు’ అని అమ్మేవి ఈ జాతివే.

అయితే ఎరుపంతా గాలి లేకనే వస్తుందనుకుంటే కథ ఇక్కడే ముగియాలి. ముగియలేదు.

రాత్రి మూడింటి ఎరుపు ఎక్కడిది?

హోల్డెన్ 1978లోనే, స్టీవ్ జాంటోస్‌తో కలిసి, తీయకుండా లెన్సులు వాడేవారిలో ఒక వింతను నమోదు చేశాడు. బాగానే పడుకున్న మనిషి నడిరాత్రో తెల్లవారుజామునో నొప్పితో లేస్తాడు. సాధారణంగా ఒకే కన్ను ఎర్రగా ఉంటుంది, నీళ్లు కారుతుంటాయి, వెలుతురు చూడలేడు. కార్నియా అంచున చిన్న చిన్న తెల్లని మచ్చలు కనిపిస్తాయి. అవి రక్తంలోంచి వచ్చి చేరిన తెల్లకణాలు. గాలి చాలకపోవడమే కారణమైతే రెండు కళ్లూ ఒకేలా ఎర్రబడాలి కదా? ఒక్కటే ఎందుకు? నెలల తరబడి ఏమీ కాకుండా ఆ ఒక్క రాత్రే ఎందుకు?

దీనికి జవాబు వెతికినవాళ్లలో మన హైదరాబాద్ వాళ్లున్నారు. బంజారాహిల్స్‌లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు నాయకత్వాన 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, హోల్డెన్ బృందంతో చేతులు కలిపి 1990ల్లో లెన్సులు పెట్టుకుని నిద్రపోయే వాడకందారులను నెలల తరబడి వెంబడించి చూసింది. పద్మజా శంకరిదుర్గ్, సూక్ష్మజీవుల నిపుణురాలు సావిత్రి శర్మ, మార్క్ విల్‌కాక్స్ మొదలైనవారు అందులో ఉన్నారు. కన్ను ఎర్రబడి వచ్చినవారి లెన్సును తీసి ప్రయోగశాలలో పెంచి చూడటం వాళ్ల పద్ధతి. 1996లో వాళ్లు ప్రచురించిన ఒక వ్యాసంలో నిందితురాలి పేరు హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే. మన ముక్కులో, గొంతులో కాపురముండే బ్యాక్టీరియా అది. లెన్సుకు అతుక్కున్న ఈ బ్యాక్టీరియాకూ రాత్రి వచ్చే ఎరుపుకూ సంబంధం ఉందని ఆ వ్యాసం చూపింది. అదే బృందం 1999లో, పారేసే మెత్తని లెన్సులను రాత్రుళ్లు తీయకుండా వాడినవారిలో మొదటి 13 నెలల్లో తలెత్తిన చిక్కులన్నిటినీ లెక్కకట్టి ప్రచురించింది. ఎర్రబడిన రోజు తీసిన లెన్సు మీద ఉన్న బ్యాక్టీరియా, ఏ బాధా లేని రోజు తీసిన లెన్సు మీద ఉన్నదానికంటే ఎక్కువని 2000లో తేల్చింది. ఈ జబ్బు గురించి రాసేవాళ్లు ఈ హైదరాబాద్ పరిశోధనలను తరచూ ప్రస్తావిస్తారు. మన దగ్గర లెన్సులు కొనేవాళ్లకు మాత్రం ఈ సంగతి చెప్పే నాథుడు లేడు.

మరి ఇది జరిగే తీరేమిటి? పగలు మనం నిమిషానికి పది పదిహేనుసార్లు రెప్ప కొడతాం. కొట్టిన ప్రతిసారీ కొత్త కన్నీరు పాత మురికిని తోసేస్తుంది. నిద్రలో కన్నీటి గ్రంథులు దాదాపు పని ఆపేస్తాయి. నిలిచిపోయిన ఆ కాస్త నీటిలో శరీరం కాపలా పద్ధతి మారుస్తుంది. రక్షక ప్రోటీన్లు చిక్కబడతాయి, తెల్లకణాలు గుంపులుగా వచ్చి చేరతాయి. అంటే మూసిన కన్ను ప్రతి రాత్రీ కొద్దిపాటి వాపుకు సిద్ధపడే ఉంటుంది. లెన్సు లేకుంటే ఆ కాపలా చాలు. లెన్సు ఉంటే దాని వెనక నీరు కదలదు. దాని ఉపరితలం మీద బ్యాక్టీరియాకు అతుక్కునే చోటు దొరుకుతుంది. అవి విడిచే విషాలు, చచ్చిన వాటి గోడల ముక్కలతో సహా, ఎనిమిది గంటలపాటు కార్నియాకు ఆనుకునే ఉంటాయి. సిద్ధంగా ఉన్న తెల్లకణాలు ఒక్కసారిగా పైనబడతాయి. మీ బిడ్డకు రాత్రి మూడింటికి నొప్పి రావడం వెనక జరిగింది ఇదే అయి ఉండవచ్చు. ఒక లెన్సు మీద బ్యాక్టీరియా చేరి రెండోదాని మీద చేరకపోవచ్చు. ఒక్క కన్నే ఎర్రబడటానికి అర్థం అది. జలుబు చేసినప్పుడు, గొంతు నొప్పి ఉన్నప్పుడు ఈ ముప్పు ఎక్కువ.

ఈ దశలో బ్యాక్టీరియా ఇంకా కార్నియాలోకి చొరబడలేదు. లెన్సు తీసేసి, డాక్టరు చెప్పిన మందు వాడితే కొన్ని రోజుల్లో, మహా అయితే రెండు మూడు వారాల్లో, సాధారణంగా మచ్చ లేకుండా మానుతుంది. మానిన తరవాత మళ్లీ లెన్సుతో పడుకుంటే మళ్లీ రావచ్చు.

మూడో ఎరుపు

ఇక్కడ నెమ్మదిగా చదవండి. లెన్సు కింద ఉబ్బిన కార్నియా పైపొర బలహీనపడుతుంది. మామూలుగా పాత కణాలు రాలిపోతూ, అంటుకున్న క్రిములను వెంట తీసుకుపోతాయి. లెన్సు కింద ఆ రాలడం తగ్గుతుంది. చిన్న గీత పడినా చాలు, సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా లోపలికి దిగుతుంది. ఇది సింకుల్లో, తడి మూలల్లో, కడగని లెన్సు డబ్బీలో జిగురు పొర కట్టుకుని బతుకుతుంది. ఒకసారి లోపలికి దిగితే దీని ఎంజైములు కార్నియాను కరిగించేస్తాయి. ఒకటి రెండు రోజుల్లోనే పుండు భయంకరంగా పెరగగలదు. మానినా తెల్లని మచ్చ మిగులుతుంది. కంట్లో పువ్వు పడిందని మన పెద్దవాళ్లు అనే స్థితి అది. మచ్చ నడిమధ్యన పడితే చూపు పోతుంది, కార్నియా మార్పిడి దాకా వెళ్లాల్సి రావచ్చు.

ఎంతమందికి వస్తుంది? 1989లో అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో తీసిన లెక్క ప్రకారం, మెత్తని లెన్సులు పగలు మాత్రమే వాడే 10,000 మందిలో ఏడాదికి నలుగురికి, రాత్రుళ్లు కూడా ఉంచుకునే 10,000 మందిలో 21 మందికి ఈ పుండు వచ్చింది. ఆ ఏడాదే ఎఫ్‌డీఏ 30 రోజుల అనుమతిని 7 రోజులకు కుదించింది. సిలికాన్ లెన్సులు వచ్చాక ఈ అంకె పడిపోతుందని అందరూ ఆశపడ్డారు. 2008లో ఫియోనా స్టేపుల్‌టన్ బృందం ఆస్ట్రేలియాలో లెక్క తీసింది. పాతరకం మెత్తని లెన్సు పగలు మాత్రమే వాడేవారిలో 10,000కు ఇద్దరు. రాత్రి పాతరకం మెత్తని లెన్సుతో పడుకునేవారిలో 10,000కు సుమారు 20 మంది. రాత్రి సిలికాన్ లెన్సుతో పడుకునేవారిలో 10,000కు సుమారు 25 మంది.

ఇంకోసారి చూడండి. గాలి నాలుగైదు రెట్లు ఎక్కువగా ఆడే లెన్సు వచ్చింది, పుండ్లు మాత్రం తగ్గలేదు.

నేను ఈ వ్యాసం రాస్తున్నదే ఈ ఒక్క సంగతి చెప్పడానికి. కొత్త లెన్సు మొదటి ఎరుపును తీసేసింది, మూడోదాన్ని తాకలేకపోయింది. ఇంతకుముందు పొద్దున్నే అద్దంలో కనిపించే ఆ ఎర్ర వలయమైనా ‘రాత్రి తియ్యి’ అని గుర్తు చేసేది. ఇప్పుడు కన్ను తెల్లగానే ఉంటుంది. తెల్లగా ఉంది కాబట్టి బాగానే ఉందనుకుంటాం. పదివేలమందిలో పాతికమంది అంటే తక్కువే కదా అని మీ బిడ్డ అనవచ్చు. అది ఒక ఏడాది లెక్క. ఇరవై ఏళ్ల వయసులో మొదలుపెట్టినవాళ్లు ఇంకా ఎన్నేళ్లు వాడాలో లెక్కేసుకోమనండి. అప్పుడప్పుడు మాత్రమే అలా పడుకున్నా, పగటి కునుకైనా ముప్పు లేకపోలేదు. లెన్సుతో నిద్రపోతే ఇన్ఫెక్షన్ అవకాశం ఆరు నుంచి ఎనిమిది రెట్లు పెరుగుతుందని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ చెబుతుంది. బస్సులో నార్కట్‌పల్లి దాకా తీసే కునుకు కూడా కార్నియాకు మూసిన రెప్పే.

నీళ్ల సంగతి

పానగల్ వాళ్లకు నీళ్ల గురించి వేరే చెప్పాలా? కందూరు చోడుల కాలం నాటి ఉదయసముద్రం ఊరి పక్కనే ఉంది. ఇప్పుడు దానిలోకి కాలువల ద్వారా కృష్ణా నీళ్లొస్తాయి. నల్లగొండ పట్టణం తాగేది ఆ నీళ్లే. పైకి తేటగా కనిపించే నీళ్లు ఒంటికి ఏం చేయగలవో ఫ్లోరైడ్‌తో వంగిపోయిన వెన్నులను చూసిన ఈ జిల్లాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. లెన్సు విషయంలోనూ అంతే. చెరువు నీళ్లు, బోరు నీళ్లు, నల్లా నీళ్లు, ఫిల్టరు నీళ్లు, వేటిలోనైనా అకాంతమీబా అనే ఏకకణ జీవి ఉండవచ్చు. తాగితే కడుపుకు ఏమీ కాదు. లెన్సు మీద అతుక్కుని రాత్రంతా కార్నియాకు ఆనుకుని ఉంటే మాత్రం నెలల తరబడి మానని, భరించలేని నొప్పి పెట్టే పుండు చేస్తుంది. అందుకే లెన్సును గానీ డబ్బీని గానీ నీళ్లతో కడగకూడదు, లెన్సుల సొల్యూషన్‌తోనే కడగాలి. సొల్యూషన్ అయిపోయిందని రాత్రికి నీళ్లలో వేసి ఉంచడం, ఉమ్మితో తడిపి పెట్టుకోవడం, రెండూ వద్దు. అలాంటప్పుడు ఆ జత పారేయడమే మేలు. లెన్సులతో ఈతకు దిగడం, తలస్నానం చేయడం కూడా ఇదే కోవలోకి వస్తాయి.

ఇక్కడొక చిక్కుంది. మన దగ్గర కార్నియా పుండ్లు ఎక్కువగా వచ్చేది లెన్సుల వల్ల కాదు. వరికోతల్లో ఆకు కోసుకుని, నూర్పిళ్లలో గింజ తగిలి, కలుపులో మట్టి పడి వస్తాయి. వాటిలో చాలావాటికి బూజు కారణం. మనదేశంలో అకాంతమీబా పుండ్లు కూడా ఎక్కువగా లెన్సు వాడనివారికే వస్తాయని ఎల్.వి. ప్రసాద్ సంస్థ వైద్యులే 2000లో చూపారు. అందుకని ఊళ్లో కన్ను చూపిస్తే డాక్టరు మొదట అడిగేది “ఏం తగిలింది?” అని. “ఏమీ తగల్లేదు సార్” అంటే దుమ్మో, కండ్ల కలకో అనుకునే ప్రమాదం ఉంది. బూజుకు వాడే మందు వేరు, సూడోమోనాస్‌కు వేరు, అమీబాకు వేరు. కాబట్టి ఎవరూ అడగకముందే మీరే చెప్పాలి: లెన్సులు వాడతాను, ఫలానా రాత్రి తీయకుండా పడుకున్నాను అని. తిడతారని దాచిపెట్టకండి.

డాక్టరే రాత్రంతా పెట్టుకోమన్నారు, మరి అది?

కొన్ని ఆపరేషన్ల తరవాత, కార్నియా గీసుకుపోయినప్పుడు, కట్టులాగా ఒక లెన్సు పెట్టి కొన్ని రోజులు ఉంచుతారు. దానితోపాటు యాంటీబయోటిక్ చుక్కలు వేస్తారు, మళ్లీ రమ్మని తేదీ ఇస్తారు. కొందరు పిల్లలకు దూరానివి మసకగా కనిపించే దోషానికి రాత్రి మాత్రమే పెట్టుకునే గట్టి లెన్సులు ఇస్తారు. అవి వేరే రకం, వాటికీ పుండు ముప్పు ఉంది, డాక్టరు పర్యవేక్షణ తప్పనిసరి. వీటిని చూసి మన లెన్సులతో పడుకోవచ్చనుకోకూడదు.

పెళ్లిళ్లలో పెట్టే రంగు లెన్సుల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. ముహూర్తం ఏ తెల్లవారుజామునో ఉంటుంది. ముందురోజు సాయంత్రమే పెళ్లికూతురి కళ్లల్లో తేనెరంగు లెన్సులు పెడతారు. కంటి కొలత తీయరు, ఎలా తీయాలో నేర్పరు. ఒక్కోసారి అంతకుముందు ఇంకొకరు పెట్టుకున్నవే మళ్లీ వాడతారు. అప్పగింతల దాకా ఏడుపు, హోమం పొగ, నిద్రలేమి. ఆ కళ్లతోనే బండెక్కి అత్తవారింటికి పోయేదాకా కునుకు. అక్కడ లెన్సు తీయడం తెలిసినవాళ్లు ఎవరూ ఉండరు. తల్లిగా మీరు చేయగలిగింది ఒకటుంది. పవర్ లేకున్నా సరే, కంటి డాక్టరు దగ్గర కొలిపించి, కొత్త జత కొనిపించి, తీయడం పెట్టడం పిల్ల చేతనే నాలుగుసార్లు చేయించండి. లేదంటే మానిపించండి, మీ బిడ్డ కళ్లు ఎలాగూ అందమైనవే.

ఇంక చేయాల్సిందేమిటి?

మంచం పక్కన అద్దాలుండాలి, అదీ ఇప్పటి పవర్‌తో. లెన్సులు అలవాటైనవాళ్లు అద్దాలను పట్టించుకోరు. పాతవి పనికిరావు కాబట్టి లెన్సు తీస్తే గుడ్డివాళ్లమవుతామని తీయకుండానే పడుకుంటారు. రాత్రి డ్యూటీ చేసే పిల్లలు బ్యాగులో చిన్న సొల్యూషన్ సీసా, డబ్బీ, అద్దాలు పెట్టుకుని, బస్సెక్కకముందే చేతులు సబ్బుతో కడిగి, తుడిచి ఆరబెట్టుకుని తీసేయడం మేలు. ఈ తంటా పడలేనివాళ్లకు రోజూ పారేసే లెన్సులు ఉన్నాయి. ఖర్చు ఎక్కువే, కానీ డబ్బీ గొడవ ఉండదు. పడుకునేముందు తీసి చెత్తబుట్టలో వేస్తే అయిపోతుంది.

పొరపాటున నిద్రపోయి లేస్తే కంగారుగా లెన్సును లాగకండి. రాత్రి ఎండి కార్నియాకు అతుక్కుని ఉండవచ్చు. లాగితే పైపొర కూడా దానితో ఊడిరావచ్చు. లెన్సుల మీద వేయదగిన తడి చుక్కలు రెండు మూడు వేసి, పది పదిహేను నిమిషాలు రెప్పలు కొడుతూ ఆగి, అది కదులుతున్నదని తెలిశాక తీయండి. ఆ రోజంతా అద్దాలే.

తీశాక ఎరుపు తగ్గుతూ పోతే, నొప్పి లేకపోతే, చూపు తేటగా ఉంటే అది మొదటి రకం. నొప్పి ఉన్నా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా, ఒక్క కన్నే ఎర్రబడినా, పుసి కారినా, లెన్సు తీసిన తరవాత పెరుగుతున్నా, రెండోదా మూడోదా అని ఇంట్లో తేల్చే ప్రయత్నం చేయకండి. మైక్రోస్కోపు లేకుండా అది డాక్టరుకు కూడా తెలియదు. అదే రోజు చూపించాలి, ఆదివారమైనా సరే. మీ బిడ్డ మొన్నటి నొప్పి ఇప్పటికే తగ్గిపోయినా ఒకసారి చూపించండి, అంచున మచ్చలేమైనా మిగిలాయేమో తెలుస్తుంది.

అక్కడికి వెళ్లేలోపు చేయకూడనివి మన ఊళ్లలో చాలా ఉన్నాయి. చనుబాలు పోయడం, ఆముదం పెట్టడం, ఆకుపసరు పిండటం, ఇవన్నీ పుండున్న కంటికి విషం. అంతకంటే ప్రమాదకరమైనది మెడికల్ షాపులోనో ఆర్‌ఎంపీ దగ్గరో దొరికే స్టెరాయిడ్ కలిసిన చుక్కల మందు. అది వేయగానే ఎరుపు తగ్గుతుంది, హాయిగా ఉంటుంది, అందుకే ఊరంతా దానికి పేరు. కానీ అది తగ్గించేది శరీరం చేస్తున్న పోరాటాన్ని. క్రిములకు అడ్డు తొలగిపోతుంది, తెల్లబడుతున్న కంటి లోపల పుండు లోతుగా దిగుతుంది. రెండో ఎరుపుకు కొన్నిసార్లు డాక్టర్లు స్టెరాయిడ్ ఇస్తారు, పుండు లేదని మైక్రోస్కోపులో చూసుకున్నాకే ఇస్తారు. కళ్లను తెల్లగా చేస్తామని ప్రకటనల్లో చూపే చుక్కలూ ఇలాగే మభ్యపెడతాయి. అవి రక్తనాళాలను బలవంతంగా ముడిచేస్తాయి, కారణాన్ని తాకవు.

పానగల్‌కు నల్లగొండ ప్రభుత్వ ఆస్పత్రి పక్కనే. 2019లో మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. పుండు అని అనుమానం వస్తే దాన్ని కొద్దిగా గీకి పరీక్షించాలి. పెద్ద పుండయితే హైదరాబాద్ పంపిస్తారు, మెహిదీపట్నంలో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆస్పత్రి, బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ సంస్థ ఉన్నాయి. మహబూబ్‌నగర్ వైపు వాళ్లకు నాగర్‌కర్నూల్ దగ్గర తూడుకుర్తిలో అదే సంస్థ గ్రామీణ కేంద్రం ఉంది.

వెళ్లేటప్పుడు ఎర్రబడిన కంటి నుంచి తీసిన లెన్సును పారేయకండి. కడగకుండా, డబ్బీలో ఉన్నది ఉన్నట్టుగా మూత బిగించి, సొల్యూషన్ సీసాతో సహా పట్టుకెళ్లి డాక్టరుకు ఇవ్వండి. 1990ల్లో హైదరాబాద్ బృందం చేసిన పనే ప్రయోగశాల ఇప్పుడూ చేస్తుంది: కంట్లోంచి గీకిన దానితోపాటు లెన్సునూ డబ్బీనీ పెంచి చూస్తుంది. కంటి నమూనాలో ఏమీ మొలవకపోయినా డబ్బీ అడుగున క్రిమి దొరకవచ్చు. ఏ మందు వేయాలో డాక్టరుకు దానితో ఒక దారి దొరుకుతుంది.